పన్నెండో కుర్చీ

పన్నెండు కుర్చీల్లో పదకొండు నిండిపోయాయి. మిగిలింది పన్నెండోది, అందులో నేను కూర్చున్నాను, ఇందులో ఎవరి కుట్రా లేదు, తప్పంతా నా కుడికాలిది. పవిత్ర గురువారం సాయంత్రం ఫాదర్ గారు పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు, ప్రభువు తన శిష్యులకి కడిగినట్టు. ఖిదిర్‌పూర్‌లో బెంగాలీల మధ్య ఉన్న మన తెలుగు క్రైస్తవులంతా బెంచీల మీద కూర్చుని చూస్తారు. ఈ ఏడాది శిష్యుల్లో మరియదాసు అని నా పేరు ఉపదేశి సోములు మూడు వారాల ముందే చదివేశాడు, మూడు వారాల్నించీ నా మడమ గురించి నాకు మనశ్శాంతి లేదు. అంతమంది ముందు పెట్టే మడమ, పగుళ్ళతో పెడతామా. మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టి, కాలిన ఇటుకముక్క, అదే ఇక్కడ ఝామా అంటారు, అది పుచ్చుకుని కుళాయి దగ్గర గంటసేపు తోమాను. మా ఆవిడ ఫిలోమినా గుమ్మంలో నిలబడి చూసింది. "కాళ్ళు కడిగించుకోడానికెల్తూ కాళ్ళు కడుక్కుంతారేటి?" అంది. కడిగేవాళ్ళకి ఇబ్బంది లేకుండా వెళ్ళడం మర్యాద అన్నాను. మరి ఎడంకాలో, అంది. కడిగేది కుడికాలు ఒక్కటే, పూజ ఆలస్యమైపోతుందని, కాబట్టి ఎడంకాలికి ఈ కార్యక్రమంలో పాత్ర లేదు అని చెప్పాను. మేజోళ్ళు కూడా అదే లెక్కన వేసుకున్నాను, కుడికాలికి కొత్తది, ఎడంకాలికి బొటనవేలు బయటికి చూసేది. బూటు లోపల దాన్ని చూసేది ఆ వేలూ, దేవుడూ. ఇద్దరూ ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు.

తోముకుని వచ్చేసరికి ఆలస్యం. తీరా చూస్తే తోముకున్నది నేనొక్కణ్ణే కాదు, వరస వరసంతా సబ్బు వాసన, ఎవరో పౌడరు కూడా రాశారు, అయినా వాళ్ళంతా ఆరింటి పూజకి నాలుగున్నరకే వచ్చి కూర్చున్నారు. భక్తి కాదు. పన్నెండోది యూదా కుర్చీ. అలా అని ఏ పుస్తకంలోనూ రాసిలేదు, ఫాదర్ గారు ఎన్నోసార్లు కోప్పడ్డారు కూడా, కానీ ప్రభువుని పట్టిచ్చినవాడు పన్నెండోవాడైతే ఆ కుర్చీ ఎవరిదో మాకు ఇంకొకరు చెప్పాలా. నిరుడు పెద్దిరాజు కూర్చున్నాడు, నెల తిరక్కుండా హల్దియాకి బదిలీ అయింది. అంతకుముందు ఏడాది కూర్చున్నాయనకి పళ్ళన్నీ ఊడాయి, డెబ్భై నాలుగేళ్ళు లెండి, అయినా. నేను నడవాలో నిలబడి ఆ ఖాళీ కుర్చీ వంక చూస్తుంటే పదకొండో కుర్చీలోంచి గవరయ్య లేచాడు. మా పక్క క్వార్టరు, రేవులో సరుకులెత్తే వించి డ్రైవరు, చేతులు చూస్తే తెడ్లలా ఉంటాయి. "దాసుబాబూ, మీరిందల కూకోండి, నానందల కూకుంతాను, నాకేటయిపోద్ది" అన్నాడు. నేను అబ్బే వద్దొద్దు అన్నాను. మనవాళ్ళలో వద్దు అంటే మొదటిసారి మర్యాద, రెండోసారి మొహమాటం, మూడోసారి "మీరింతలా అంటుంటే" అని కూర్చోవడం. గవరయ్యకి ఈ మెట్లు తెలీవు, ఒకసారి వద్దంటే వద్దనే అనుకుంటాడు, మళ్ళీ కూర్చుండిపోయాడు. అలా నేను యూదానయ్యాను.

సరే, కుర్చీలో ఏముంది అనుకుని ప్యాంటు మడత చూసుకున్నాను, నిలువునా కత్తిలా ఉంది, పొద్దున్న ఫిలోమినా బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ప్రాణం పెట్టి తీసిన మడత. అప్పుడు ఫాదర్ గారు గోడ పట్టుకుని పట్టుకుని వచ్చారు. ఆయనది కేరళ, తెలుగు ఇక్కడే రేవు కూలీల దగ్గర నేర్చుకున్నారు, కాబట్టి పీఠం మీంచి కూడా ఏటి, ఎందల అనే అంటారు, మొదట్లో నాకు అవమానంగా ఉండేది, నేను బయట ఏమిటి అంటాను, కోపమొస్తేనే ఏటి. "నా నడుం పట్టేసినాది," అన్నారాయన, "పన్నెండు మార్లు వొంగలేను. ఒక్క మారు వొంగుతాను. మొదటోడికి నాను కడుగుతాను. ఆడు లేసి రెండోవోడికి కడుగుతాడు. అలగలగ. ఆఖరోడు నాకు కడగాల. గురువు కడిగితే మీరూ ఒకల్లకొకల్లు కడగమని గదా ప్రభువు సెప్పినాడు, ఇన్నాల్లూ నానొక్కన్నే కడిగేసి మీకు పని నేకుండా సేసినాను." బెంచీల్లో గుసగుసలు. నేను వెంటనే లెక్కేశాను, పన్నెండోవాణ్ణి, ఫాదర్ గారి కాళ్ళు కడిగే గౌరవం నాదే, యూదా కుర్చీకి ఇంత కలిసొస్తుందని ఎవరనుకున్నారు అని కొంచెం ఛాతీ విరిచాను. విరిచినది విరిచినట్టే ఆగిపోయింది. నేను కడిగేది ఫాదర్ గారికి. నాకు కడిగేది ఎవరు. పదకొండోవాడు. గవరయ్య.

ప్రపంచంలో ఇంకెవరైనా కడగొచ్చు. గవరయ్య కాదు. మొదటి కుర్చీ దగ్గర నీళ్ళ చప్పుడు వినపడుతోంది, ఫాదర్ గారు ఒక్క మారు వొంగారు, అమ్మా అన్నారు, లేచారు, ఇంకా పదిమంది దాటాలి, ఈలోపు భూమి నోరు తెరిస్తే బాగుండు, ఖిదిర్‌పూర్‌లో తవ్వినచోటల్లా తెరిచే ఉంటుంది, ఇక్కడే గచ్చు గట్టిగా వేశారు. ఆ మేకలు. రెండు మేకలుండేవి గవరయ్యకి, తల్లీ పిల్లా, వెనక వరండాలో. తల్లి నల్లది, ఒక చెవి తెల్లగా. రోజంతా నోరు మెదపదు, సాయంత్రం ఆరింటికి రేడియోలో ఇంగ్లీషు వార్తలు మొదలెట్టగానే మొదలెడుతుంది. ఇంగ్లీషు వార్తలు మా లైన్లో నేనే వింటాను. సగమే అర్థమవుతుంది గానీ సౌండు పూర్తిగా పెడతాను, లైనంతటికీ తెలియాలి కదా ఇక్కడొక చదువుకున్న కుటుంబం ఉందని. ఆఫీసులో బెంగాలీలు నన్ను దాస్‌దా అంటారు, దాసన్న అని, దాస్ వాళ్ళలోనూ ఇంటిపేరే కాబట్టి వాళ్ళలో ఒకణ్ణే అనుకుంటారు కొత్తవాళ్ళు, నేను కాదని చెప్పను, అడగందే చెప్పడం అబద్ధం కాదు గానీ నిజం కూడా కాదు. అలాంటి దాస్‌దా దేశ విదేశాల సంగతులు వింటుంటే మధ్యలో మే అంటే. నిరుడు దసరా పూజా సెలవల తర్వాత ఒకనాడు క్వార్టర్ల ఆఫీసుకి ఒక ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో. కింద పేరు పెట్టలేదు, శ్రేయోభిలాషి అని పెట్టాను. పేరు పెట్టకుండా ఫిర్యాదు చేసేవాణ్ణి శ్రేయోభిలాషి అని ఎందుకంటారో నాకు ఇప్పటికీ తెలీదు, అందరూ అలాగే పెడతారని పెట్టాను.

మూడో కుర్చీ. మూడోవాడు నవ్వుతున్నాడు, చక్కిలిగిలి. పిల్లలు కూడా నవ్వారు, సోములు కళ్ళెర్రజేశాడు. ఉత్తరం రాసి నేను మర్చిపోయాను, ఈ ఊళ్ళో ఆఫీసుకి పంపిన ఉత్తరం అంటే గంగలో వేసిన పువ్వే కదా. కానీ నా దురదృష్టం, ఆ ఆఫీసులో ఎవరో పని చేశారు. పది రోజులకి గవరయ్య చేతిలో కాగితం పట్టుకుని మా గుమ్మంలోకొచ్చాడు. "బాబూ, ఏటో ఇంగిలీసు కాయితం వొచ్చినాది, సదివి సెప్పండి." ఏడు రోజుల్లో పశువుల్ని తీసెయ్యమని నోటీసు. అందులో నా ఉత్తరాన్ని మాటకు మాట దింపారు. నా ఇంగ్లీషు, సర్కారు కాగితం మీద, టైపులో, ముద్రతో. మనిషన్నవాడికి పులకరింత రాదా. నేను ప్రతి వాక్యం చదివి, తెలుగులో విప్పి చెప్పాను, ఒక్క ముక్క వదల్లేదు, మేక ప్రతిరోజూ ఇంగ్లీషు వార్తల సమయంలో అరిచి విద్యావంతుల మనస్సులకు భంగం కలిగించుచున్నది అన్న వాక్యం రెండుసార్లు చెప్పాను, చెప్పి, "ఎవడో గానీ బాగా రాశాడు" అన్నాను కూడా. గవరయ్య అంతా విన్నాడు. తల గోక్కున్నాడు. "అయితే బాబూ, దీనికి జవాబు మీరే రాయాల" అన్నాడు. రాశాను. పదకొండు పేరాలు. ఆ మేక స్వభావరీత్యా మితభాషి అని రాశాను. గవరయ్య ఇంటావిడ దాలమ్మకి రక్తం తక్కువ, పాలు అవసరమని డాక్టరు చెప్పినట్టు రాశాను. శ్రేయోభిలాషి అనే వ్యక్తి అసూయాపరుడని, నిజాయితీ ఉంటే పేరు పెట్టేవాడని కూడా రాశాను, రాస్తుంటే వాడి మీద నాకు నిజంగానే కోపమొచ్చింది. ఆ జవాబు తర్వాత ఆఫీసు మళ్ళీ తన సహజస్థితికి వెళ్ళిపోయింది, ఉలుకూ లేదు పలుకూ లేదు. కానీ జవాబు వెళ్ళేలోపే దాలమ్మ భయపడిపోయి తల్లిమేకని రోడ్డెంట నడిపించుకుపోయి బడ్జ్ బడ్జ్‌లో జూటుమిల్లు లైన్లో ఉన్న చెల్లెలు అప్పమ్మ ఇంట్లో దింపేసి వచ్చింది. ఇక్కడ మిగిలిన పిల్లమేక తల్లి కోసం అరుస్తుంది. ఇంగ్లీషు వార్తల్లో, హిందీ వార్తల్లో, బాంగ్లా వార్తల్లో, వాతావరణంలో. దాలమ్మ రెండు వారాలకోసారి పూజ అవగానే ఖిదిర్‌పూర్ బజార్లో పనసాకుల కట్ట కొనుక్కుని బడ్జ్ బడ్జ్ వెళ్ళి మేకని చూసి వస్తుంది, చుట్టాన్ని ఆస్పత్రిలో చూసొచ్చినట్టు. వచ్చేటప్పుడు అక్కడ గంగ ఒడ్డున చేపలు కొని, పులుసు పెట్టి, మాకో గిన్నె పంపుతుంది. జవాబు రాసినందుకు. ఆరు నెలల్నించి తింటున్నాను. ముళ్ళు జాగ్రత్తగా ఏరుకుని తింటున్నాను.

ఆరు. ఏడు. నేను చెడ్డవాణ్ణి కాదు, ఎవరినైనా అడగండి, నా అంత విధేయుడు ఈ ఊళ్ళో లేడు. మా ఆఫీసులో పెద్దసాబు యూనియన్ మాట వింటాడు, యూనియన్ పార్టీ మాట వింటుంది, పార్టీ లోకల్ కమిటీ దాదా మాట వింటుంది, ఆ దాదా వాళ్ళ అత్తగారి మాట వింటాడని చెప్పుకుంటారు. నేను వీళ్ళందరి మాటా వింటాను. బంద్ అంటే బంద్, మీటింగ్ అంటే మీటింగ్, ఒకసారి ఎక్కడో ఆఫ్రికాలో ఏదో అయిందని ఎండలో ధర్మతల్లా దాకా నడిచాను, ఎందుకో అడగలేదు. ఫిలోమినా మాట వింటాను. కుళాయి దగ్గర బిందెల వరస పాటిస్తాను. ఒక్క దేవుడి మాట దగ్గరే నాకు ఫైలు తెరిచే అలవాటు. నీ పొరుగువాణ్ణి ప్రేమించు అంటే, సూత్రప్రాయంగా అంగీకరించడమైనది. శత్రువుని క్షమించు అంటే, పరిశీలనలో ఉన్నది. ఒక చెంప కొడితే రెండోది చూపమంటే, పై అధికారుల ఆదేశాల కోసం వేచియున్నాము, ఆయన పైన ఇంకెవరున్నారో మరి. పాపసంకీర్తనంలో, అదే ఫాదర్ గారి చెవిలో పాపాలు చెప్పుకునేచోట, మేక సంగతి చెప్పాను, చెప్పలేదని కాదు, ఇంగ్లీషులో చెప్పాను, కొంచెం చిన్నగా వినపడుతుందని. ఇరుగుపొరుగు సంబంధంలో స్వల్ప లోపం అన్నాను. ఫాదర్ గారు జాలీ అవతల్నించి "ఏటా లోపం?" అన్నారు. శబ్దానికి సంబంధించినది అన్నాను. ఆయన "పొరుగోడికి సెప్పినావా?" అన్నారు. త్వరలో అన్నాను. అది డిసెంబరు.

ఎనిమిదో కుర్చీ దగ్గర కరెంటు పోయింది. ఎవరూ కంగారుపడలేదు, ఈ ఊళ్ళో కరెంటు పోవడం కూడా ఒక ప్రార్థనాక్రమం, సోములు అప్పటికే కొవ్వొత్తులు పట్టుకుని ఉన్నాడు. ఫ్యాన్లు ఆగాక పాట గట్టిగా వినపడింది, పాట ఆగాక బయట మిచ్ఛిల్ వినపడింది, సాయంత్రం ఊరేగింపు, ఎవరి మీదో ఏదో, చోల్‌బే నా, చోల్‌బే నా. కుదరదు, కుదరదు. తొమ్మిదోవాడు పదోవాడికి కడుగుతున్నాడు. చోల్‌బే నా. పేతురు కూడా ఇదే అన్నాడు కదా, ప్రభూ నువ్వు నా కాళ్ళు కడగడం కుదరదు అని, ఆయన పెద్ద అపొస్తలుడు కాబట్టి వినయం కింద చెల్లింది, నేనంటే మేక గొడవ కింద తేలుతుంది. కడుపునొప్పి అని లేచిపోతే. ఎటు, పక్క తలుపు దగ్గర ఫిలోమినా కూర్చుంది. పదోవాడు లేచాడు, గవరయ్య ముందు మోకరించాడు. గవరయ్య తన పాదం పళ్ళెంలో పెట్టాడు, దాన్ని ఎవరూ తోమినట్టు లేదు, అలాగే డ్యూటీ నించి వచ్చినట్టుంది, గ్రీజు, నీళ్ళు నల్లగా తిరిగాయి, గవరయ్య సిగ్గుపడి "సాల్రా బాబూ, సాలు" అన్నాడు. ఆ పాదం చూస్తుంటే, దాన్ని మొదట చూసింది మా ఇంట్లోనే అని గుర్తొచ్చింది, మేం ఈ క్వార్టరుకి వచ్చిన రోజు, మా బీరువాని భుజం మీద వేసుకుని మెట్లెక్కాడు, ఎవరూ పిలవలేదు, పేరు కూడా అడగలేదు, దించాక "మంచినీల్లుంటే ఇవ్వండి" అన్నాడు. నేను అప్పుడే అనుకున్నాను వీళ్ళతో కొంచెం దూరంగా ఉండాలి అని. ఎందుకనుకున్నాను. ఏమో. చదువుకున్నవాళ్ళు అలా అనుకుంటారని అనుకున్నాను.

ఇప్పుడు ఆ మనిషి నా ముందు మోకాళ్ళ మీదున్నాడు. కొవ్వొత్తి వెలుగులో నా మడమ నిజంగా మెరుస్తోంది, గవరయ్య దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "ఏటి బాబూ, ఇది కాలా, పింగాణీ కప్పా" అన్నాడు మెల్లగా. చెంబు ఎత్తాడు. నేను కాలు లాక్కున్నాను. నీళ్ళు గచ్చు మీద పడ్డాయి. బెంచీల్లో ఎవరో దగ్గారు.

"గవరయ్యా, ఆ ఉత్తరం నేనే రాశాను."

పాట మళ్ళీ ఎత్తుకున్నారు కాబట్టి ఎవరికీ వినపడలేదు. గవరయ్యకి వినపడింది. చెంబు అలాగే పట్టుకుని, "తెల్సు బాబూ" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"మీరు సదివినకాడ్నుంచి. మన లైన్ల ఇంగిలీసు వార్తలినీది ఇంకెవులున్నారు? మా దాలమ్మ అయితే గుమ్మంలోంచి ఇని అప్పుడే అనీసింది."

దాలమ్మకి తెలుసు. పులుసు పెట్టిన దాలమ్మకి. ఆరు నెలలు ముళ్ళు ఏరుకుంటూ నేను దాస్తున్నది, వాళ్ళు మూత పెట్టి పంపిస్తున్న గిన్నెలో ఉంది.

"మరి జవాబు రాయమని నా దగ్గరికే ఎందుకొచ్చావు?"

"ముడేసినోడికే ఇప్పడం తెలుస్తాది గదేటి" అన్నాడు గవరయ్య, అదేదో వించి తాడు సంగతి చెప్తున్నట్టు. "కాలియ్యండి, ఎనకాల ఫాదరు గోరు నడుం పట్టుకుని నిలబడిపోనారు."

కాలిచ్చాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. కడగడానికి ఏమీ లేదు దాంట్లో, మధ్యాహ్నమే అంతా నేను తీసేసుకున్నాను, గవరయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు, పని దొరకనివాడిలా ఉన్నాడు. తర్వాత నా ఎడమ బూటు మీద వేలు పెట్టాడు. "ఆ కాలు కూడా ఇయ్యండి." ఒక్కటే కదా, రూలు ఒక్కటే అన్నాను. అబ్బే వద్దొద్దు అన్నాను. గవరయ్యకి ఒకసారి వద్దంటే వద్దనే అనుకునే అలవాటని చెప్పాను కదా, ఈసారి అనుకోలేదు. లేసు విప్పాడు. బూటు లాగాడు. ఖిదిర్‌పూర్ తెలుగు క్రైస్తవులందరి ఎదుటా నా ఎడమ బొటనవేలు బయటికొచ్చి నిలబడింది, సరిగ్గా అప్పుడే కరెంటు కూడా వచ్చింది, ఈ ఊళ్ళో కరెంటుకి టైమింగ్ ఉంటుంది. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వారు. పక్క తలుపు దగ్గర ఫిలోమినా ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి, ఏడుపు కాదు, నాకు తెలుసు. గవరయ్య మాత్రం నవ్వలేదు. మేజోడు తీసి, పగుళ్ళున్న ఆ మడమని ఆ తెడ్డుచేత్తో పట్టుకుని, బాగా రుద్దాడు, ఆ చెయ్యి ముందు ఝామా మెత్తన. నీళ్ళు కొంచెం రంగు మారాయి. హమ్మయ్య, అనిపించింది, ఎందుకో. తువ్వాలుతో తుడుస్తూ తల ఎత్తకుండా అన్నాడు: "శనివారం మీకు ఆఫీసు నేదు గదా. నాతో బడ్జ్ బడ్జ్ రండి. తల్లిమేకని తీసుకొచ్చీద్దారి. రైలు పెట్టిలోకి మేకని ఎక్కనివ్వరు, మీరైతే ఆ టికెట్ బాబుతో ఇంగిలీసుల మాటాడతారు."

మేక ప్రయాణానికి ఇంగ్లీషు. స్వభావరీత్యా మితభాషి అని మళ్ళీ చెప్పాలేమో. పై అధికారుల ఆదేశాల కోసం వేచియుందాం అనుకోబోయాను. ఆదేశం ఇచ్చినవాడు నా ఎదురుగా గచ్చు మీద మోకాళ్ళ మీదున్నాడు, ఆయన పైన ఇంకెవరూ ఉన్నట్టు నాకు కనపడలేదు. "పొద్దున్నే వెళ్దాం" అన్నాను.

ఇక నా వంతు. ఫాదర్ గారు పీఠం మెట్టు మీద కూర్చుని చెప్పు వదిలారు. తెల్లవారుజామున పెద్ద వాన పడింది, గార్డెన్ రీచ్ నించి మోకాటిలోతు నీళ్ళలో ఎవరో రోగికి దివ్యసత్ప్రసాదం ఇచ్చి నడిచి వచ్చినట్టున్నారు, పాదం నిండా బురద, వేళ్ళ మధ్య గడ్డి, చీలమండ మీద ఎండిన గీత. పదమూడుమందిలో ఎవరూ తోమనివి రెండే, గవరయ్య కాలూ, ఈయన కాలూ. నేను రెండు కాళ్ళకీ ఏమీ లేకుండా, కొత్త మేజోడు ఒక కుర్చీ కింద, చిరుగు మేజోడు ఇంకో కుర్చీ కింద వదిలేసి, మోకరించాను. గచ్చంతా తడి. ప్యాంటు మడత మోకాలి దగ్గర మెత్తగా పోవడం తెలుస్తోంది. రుద్దాను. బురద వదల్లేదు. గవరయ్య చూపించినట్టు రుద్దాను.

"ఏటి మరియదాసూ," అన్నారు ఫాదర్ గారు గొంతు తగ్గించి, "పొరుగోడికి సెప్పినావా?"

"ఇప్పుడే ఫాదర్."

"డిసెంబరు కాడ్నుంచి ఏటి సేసినావు?"

"పులుసు తిన్నాను ఫాదర్."

ఆయనకి అర్థం కాలేదు, అయినా తల ఊపారు. రెండో కాలు కూడా ఇమ్మన్నాను. ఇచ్చారు. మోకాళ్ళు పూర్తిగా తడిసిపోయాయి, బురదనీళ్ళు ప్యాంటు మీద మరకలు కట్టాయి, ఫిలోమినా చూస్తే ఉతకడానికి వేసేస్తుంది. వెయ్యొద్దని చెప్పాలి. శనివారం మేక పక్కన నిలబడ్డానికి ఈ ప్యాంటే బాగుంటుంది.